విమానం కార్డు పాయింటుకి రూపాయల్లో ధర చెప్పించండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి, శ్రీకాకుళం పార్లమెంటు సభ్యులు
గౌరవనీయులైన శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,



శ్రీకాకుళంలో చాలాకాలం కామర్సు పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకుణ్ణి. బ్యాంకు నుంచి ఏ కాగితం వచ్చినా, పన్నులవాళ్లు ఏం రాసినా, పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈమధ్య వాళ్ల చేతుల్లో తరచుగా కనిపిస్తున్నది బ్యాంకూ ఎయిర్‌లైనూ కలిసి ఇచ్చే, విమానం బొమ్మ ఉన్న క్రెడిట్ కార్డు. "ఏడాది ఫీజు పడిపోనాది మాస్టారూ. ఉంచీమంటారా, తీసీమంటారా?" అన్నది ప్రశ్న. అడిగేవాళ్లలో ఆమదాలవలస పక్క పల్లెల సైనికుల ఇళ్లవాళ్లు ఉన్నారు, పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్లు ఉన్నారు, పైడిభీమవరం మందుల కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్లు ఉన్నారు.

క్రెడిట్ కార్డు రిజర్వ్ బ్యాంకు చూసుకునే విషయం కదా, విమానయాన మంత్రికి ఈ ఉత్తరం ఎందుకని మీకు అనిపించవచ్చు. కార్డు బ్యాంకుదే. కాని ఆ కార్డు ఇస్తానన్న ప్రతిఫలం మాత్రం ఎయిర్‌లైన్ చేతిలో ఉంది. ఖర్చుకి ఇచ్చే పాయింటు ఎంత చేస్తుంది, ఏ విమానంలో ఎన్ని సీట్లు పాయింట్లకి ఇస్తారు, పాయింట్లు ఎప్పటికి మురిగిపోతాయి, ఇవన్నీ ఎయిర్‌లైన్ రాసుకున్న నియమాలు. బ్యాంకుని అడిగితే ఎయిర్‌లైన్‌ని అడగమంటుంది. ఎయిర్‌లైన్‌ని అడిగితే కార్డు మాది కాదంటుంది. ఆ రెండో తలుపు మీ శాఖ కింద ఉంది. అందుకే మీకు రాస్తున్నాను.

ముందు లెక్క చెప్తాను, ఎందుకంటే నా విన్నపమంతా ఆ లెక్క మీదే నిలబడింది. ఏ కంపెనీదీ కాని ఒక నమూనా కార్డు తీసుకుందాం. ఏడాదికి ఫీజు రూ.3,000. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.540. మొత్తం రూ.3,540. వంద రూపాయల ఖర్చుకి రెండు పాయింట్లు. మన జిల్లాలో ఒక ఉద్యోగి కుటుంబం నెలకి రూ.20,000 కార్డు మీద ఖర్చు పెట్టిందనుకోండి. ఏడాదికి రూ.2,40,000, వచ్చే పాయింట్లు 4,800.

ఇక పాయింటు విలువ. డబ్బు పెట్టి కొంటే రూ.4,800 అయ్యే టికెట్‌ని 6,000 పాయింట్లకి ఇస్తామంటారు. తీరా బుక్ చేయబోతే పన్నులు, విమానాశ్రయ రుసుములు కలిపి మరో రూ.1,200 మనమే కట్టాలి. అంటే 6,000 పాయింట్లు మనకి మిగిల్చింది రూ.3,600. పాయింటు ఒక్కింటికి 60 పైసలు. ఆ లెక్కన 4,800 పాయింట్ల విలువ రూ.2,880. కట్టిన ఫీజు రూ.3,540. ఏడాదంతా కార్డు గీకినందుకు ఆ కుటుంబం రూ.660 నష్టపోయింది.

ఇంతటితో అయిపోలేదు. ఫీజు లేకుండా, ఖర్చులో ఒక శాతం డబ్బు రూపంలోనే తిరిగిచ్చే మామూలు కార్డుతో అదే ఖర్చు పెట్టి ఉంటే రూ.2,400 చేతికి వచ్చేది. విమానం కార్డు ఇస్తున్నది రూపాయికి 1.2 పైసలు, మామూలు కార్డు ఇస్తున్నది ఒక పైసా. ఆ 0.2 పైసల తేడాతో రూ.3,540 ఫీజు రాబట్టుకోవాలంటే ఏడాదికి రూ.17,70,000 ఆ కార్డు మీద ఖర్చు పెట్టాలి. ఈ అంకె చెప్పినప్పుడు మా వీధిలో ఒకాయన రెండుసార్లు లెక్క వేయించుకున్నాడు. బడిలో పాఠం చెప్పే టీచరు ఏడాది జీతం కూడా అంత ఉండదు మంత్రిగారూ.

ఈ నమూనాలో అంకెలు మారితే ఫలితమూ మారుతుంది, కాదనను. మొదటి ఏడాది ఉచిత టికెట్ ఇచ్చే కార్డులు ఉన్నాయి. ఇంత ఖర్చు దాటితే ఫీజు మాఫీ చేసేవీ ఉన్నాయి. కాని ప్రతి కార్డుకీ ఈ లెక్క వేసుకోవడానికి కావలసిన ముఖ్యమైన అంకె, పాయింటు ఎన్ని పైసలు అన్నది, దరఖాస్తు కాగితం మీద సాధారణంగా రూపాయల్లో ఉండదు. ఫీజు మాత్రం పైసలతో సహా ఉంటుంది.

లెక్కలో నేను నెలకి రూ.20,000 అన్నాను గాని, మన దగ్గర ఆ మాత్రం ఖర్చుకి పాయింట్లు రావడం కూడా కష్టమే. పెట్రోలుకి, ఇంటి అద్దెకి, వాలెట్‌లో డబ్బు వేసుకోవడానికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. కొన్ని కరెంటు బిల్లుకీ, బీమాకీ, ప్రభుత్వానికి కట్టే పన్నులకీ ఇవ్వవు. మిగిలినది బజారు. శ్రీకాకుళం పొట్టి శ్రీరాములు మార్కెట్‌లో కూరగాయలు కొన్నా, విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టలు కొన్నా ఇప్పుడు ఫోనుతో కోడు స్కాన్ చేయడమే. యూపీఐలో క్రెడిట్ కార్డు నడవాలంటే అది రూపే కార్డు అయి ఉండాలి. విమానం కార్డులో వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తులుంటే ఆ బజారు ఖర్చంతా దాని బయటే మిగిలిపోతుంది. పెద్ద నగరంలో మాల్‌కి వెళ్లి వారం సరుకులు కార్డు మీద తెచ్చుకునే ఇంటిని చూసి తయారుచేసిన వస్తువిది. సంతలో చేపలు కొనే ఇంటికి అతకదు.

ఇక పాయింట్లు కూడాయనే అనుకుందాం. మనవాళ్లు ఎప్పుడు ప్రయాణం చేస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు. హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో ఉన్న ఉత్తరాంధ్ర పిల్లలు ఇంటికి వచ్చేది సంక్రాంతికి. విజయనగరంవాళ్లయితే పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి. అరసవల్లి రథసప్తమికి కొందరు. వేసవిలో పెళ్లిళ్లకి. సైనికుడికి సెలవు ఎప్పుడు దొరుకుతుందో అతనికే తెలియదు, దొరికిన మర్నాడే బయల్దేరాలి. సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే పాయింట్ల మీద సీటు దొరకడం కష్టం, దొరికినా ఎయిర్‌లైన్ చాలా ఎక్కువ పాయింట్లు అడగవచ్చు. ఫిబ్రవరి చివర ఏ మంగళవారం మధ్యాహ్నమో ఖాళీ సీటు ఉంటుంది. ఆ రోజు మన పిల్లవాడికి ఊళ్లో ఏం పని? పండగలని బట్టి ప్రయాణించే జనానికి, ఏ రోజైనా సరే అనగలిగే జనానికి ఒకే పాయింటు ఒకే విలువ ఇవ్వదు. నా లెక్కలో 60 పైసలు అన్నది మంచి రోజు మాట. సంక్రాంతి ముందు శుక్రవారం అది ఎంతో ఎవరూ చెప్పలేరు.

పైగా విమానాశ్రయానికి చేరడమే ఒక ఖర్చు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ విమానాశ్రయం రెండువందల కిలోమీటర్ల పైమాటే. సోంపేట, కవిటి, కంచిలి వాళ్లకి టికెట్ మీద మిగిలింది టాక్సీకి సరిపోదు. అందుకే వాళ్లు ఇప్పటికీ పలాసలోనో, శ్రీకాకుళం రోడ్డులోనో రైలెక్కుతారు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయం రావడంతో ఈ దూరం తగ్గుతుంది. 2026 జనవరి 4న ఢిల్లీ నుంచి ఎయిర్ ఇండియా విమానం అక్కడ మొదటిసారి దిగినప్పుడు అందులో మీరూ ఉన్నారు. శ్రీకాకుళానికి దాదాపు 60 కిలోమీటర్లు, విజయనగరానికి ఇంకా దగ్గర. తొలిసారి విమానం ఎక్కబోయే కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లో వేలల్లో ఉంటాయి. వాళ్లకి లోపల అడుగుపెట్టగానే ఎదురయ్యేది కార్డు అమ్మే కుర్రవాడే. ఉచిత టికెట్, ఉచిత లాంజి అంటాడు. చాలా బ్యాంకులు ఇప్పుడు గత మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లాంజి అంటున్నాయన్న సంగతి ఆ నిమిషంలో బయటికి రాదు.

పాయింట్లని దాచుకుంటే పెరుగుతాయని నమ్మేవాళ్లు ఎక్కువ. బ్యాంకులో దాచిన రూపాయికి వడ్డీ వస్తుంది. పాయింటు మాత్రం కూర్చున్నచోటే కరుగుతుంది. ఎయిర్‌లైన్ ఒక రోజు పట్టిక మార్చి 6,000 పాయింట్ల టికెట్‌ని 8,000 చేస్తే మన 60 పైసలు 45 పైసలవుతాయి. మన ఖాతాలో అంకె మారదు గనక ఏం పోయిందో తెలియను కూడా తెలియదు.

ఎయిర్‌లైనే పోతే? మన దేశంలో అదీ చూశాం. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాయి. ఆ పాయింట్లతో ఎక్కడానికి విమానమే లేకుండా పోయింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆఖరి విమానం నడిపింది. దాని మైళ్ల వ్యవహారం వేరే కంపెనీ చేతిలో ఉండటం వల్ల మైళ్లు మాయం కాలేదు, ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకున్నాయి. కాని ఏ ఎయిర్‌లైన్ కోసం కూడబెట్టుకున్నారో అది లేదు. 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. ఇది మీ హయాంలోదే. న్యాయంగా చెప్పాలంటే అక్కడ పాయింటుకి పాయింటు బదిలీ అయింది, అది మంచి పద్ధతి. అయితే విస్తారా పేరున్న కార్డుల్ని కొత్తగా ఇవ్వడం బ్యాంకులు ఆపేశాయి. ఇంత ఖర్చు దాటితే ఒక ఉచిత టికెట్ అన్న ఆశతో ఫీజు కట్టినవాళ్లకి ఆ సదుపాయాలు తర్వాత తగ్గుతూ పోయాయి. పాయింటు బతికినా ఒప్పందం బతకలేదు. ఇండిగో 2024లో బ్లూచిప్ అని పాయింట్ల పథకం మొదలుపెట్టింది. అంటే ఇకమీదట మన ఆకాశంలో పెద్ద కంపెనీలైన ఎయిర్ ఇండియా, ఇండిగో రెండూ ఈ పాయింట్ల బాటలోనే ఉంటాయి. అందుకని ఇప్పుడే నియమాలు కావాలంటున్నాను.

అమెరికాలో ఉన్న పిల్లల మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు తన కార్డు మైళ్లతో అమ్మకి టికెట్ తీస్తాడు. అది నిజమే, చక్కగా పనిచేసింది కూడా. ఆ అనుభవంతో "నాన్నా, నువ్వూ ఒక ఎయిర్‌లైన్ కార్డు తీసుకో" అంటాడు. అక్కడ కార్డు తీసుకుని మొదటి నెలల్లో కొంత ఖర్చు పెడితే 50,000 మైళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఇస్తారు. దుకాణాల నుంచి బ్యాంకులు వసూలు చేసే కమిషన్ అక్కడ ఎక్కువ, చాలావరకు ఆ డబ్బులోంచే ఆ మైళ్లు వస్తాయి. ఎంత పెద్ద వ్యాపారమంటే 2024లో ఒక్క డెల్టా ఎయిర్‌లైన్స్‌కే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి 740 కోట్ల డాలర్లు ముట్టాయి. ఇక్కడ అంత కమిషన్లు లేవు, అన్ని మైళ్లూ లేవు. కొడుకు ప్రేమగా ఇచ్చిన సలహా కింతలిలో ఉన్న తండ్రికి ఏటా ఫీజు అవుతుంది.

అంత డబ్బు తిరిగే అమెరికాలో కూడా ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. 2024 సెప్టెంబరు 5న వాళ్ల రవాణా శాఖ అమెరికన్, డెల్టా, సౌత్‌వెస్ట్, యునైటెడ్ నాలుగింటికీ ఉత్తరాలు రాసి, పాయింట్ల విలువ ఎందుకు తగ్గిస్తున్నారు, ధరలు ఎందుకు దాస్తున్నారు, ఏ రుసుములు వేస్తున్నారు అని వివరాలు అడిగింది. అడిగింది బ్యాంకుల శాఖ కాదు, విమానాలు చూసుకునే శాఖ. మీరూ అడగవచ్చనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కార్డు ఎవరికీ వద్దని నేను అనడం లేదు. నెలకి రెండుమూడుసార్లు ఒకే ఎయిర్‌లైన్‌లో ముంబై, ఢిల్లీ తిరిగే జీడిపప్పు వ్యాపారికి, ఆఫీసు ఖర్చు మీద ప్రయాణించి పాయింట్లు తన ఖాతాలో వేసుకునే మందుల కంపెనీ మేనేజరుకి అది లాభమే. సామాను అదనంగా తీసుకెళ్లనిస్తే, ప్రయాణం తేదీ మార్చుకుంటే డబ్బు పట్టకపోతే, వాళ్లకి అవి నిజమైన రూపాయలు. వాళ్లని ఉంచుకోమనే చెప్తున్నాను. ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలు చేసే ఇంటికి మాత్రం తీసెయ్యమంటున్నాను. బిల్లు మొత్తం గడువులో కట్టలేని ఇంటికైతే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. రూ.50,000 బాకీ మీద నెలకి 3.5 శాతమంటే రూ.1,750, దాని మీద జీఎస్టీ రూ.315. ఒక్క నెల ఆలస్యం రూ.2,065 తింటుంది, ఏడాది పాయింట్లలో చాలా భాగం అక్కడే అయిపోతుంది. క్రెడిట్ కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన ఆదేశాన్ని కూడా సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది.

తీసెయ్యదలచినవాళ్లకి రిజర్వ్ బ్యాంకు తోడుగా నిలబడింది, ఆ మాట చెప్పి తీరాలి. 2022లో ఇచ్చిన నిర్దేశాల ప్రకారం, బాకీ లేని కార్డుని మూసేయమని అడిగితే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూసేయాలి. మూయకపోతే ఆ తర్వాత మూసే దాకా రోజుకి రూ.500 మనకి కట్టాలి. చార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలి. అడగని కార్డు అంటగట్టకూడదు. ఈ మాటలు చెప్తే మా ఇంటికొచ్చినవాళ్ల ముఖంలో ధైర్యం కనిపిస్తుంది. మూసేముందు పాయింట్లు బ్యాంకు దగ్గరున్నాయా, ఎయిర్‌లైన్ ఖాతాలోకి చేరాయా చూసుకోమంటాను. బ్యాంకు దగ్గరే ఉంటే ముందు వాడుకోవాలి. ఇంటి రుణం తీసుకోబోతున్నవాళ్లయితే అదే బ్యాంకులో ఫీజు లేని కార్డుకి మార్చమని అడిగితే పాత ఖాతా చరిత్ర పోకుండా ఉంటుంది.

చూడండి, బ్యాంకు వైపు నియమం రోజుల్లో, రూపాయల్లో ఉంది. ఎయిర్‌లైన్ వైపు విమానం రద్దయితే, ఆలస్యమైతే, డబ్బు వాపసు రావాలంటే ఏం చేయాలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు ఉన్నాయి. పాయింట్ల దగ్గరికి వచ్చేసరికి, "ముందస్తు నోటీసు లేకుండా మార్చే హక్కు మాకుంది" అన్న వాక్యం ఒక్కటే మనకి మిగులుతోంది.

మన రెండు జిల్లాలకి విమానయాన శాఖతో ఒక ప్రత్యేక బంధం ఉంది. 2014 నుంచి 2018 దాకా ఆ శాఖ విజయనగరం అశోక్ గజపతిరాజు గారి దగ్గర ఉంది. గంట ప్రయాణానికి రూ.2,500 అని ఉడాన్ పథకం చెప్పింది ఆయన కాలంలోనే, 2016లో. మొదటి విమానం 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఎగిరింది. ఆ పథకం గెలుపోటముల గురించి ఎన్నయినా మాట్లాడుకోవచ్చు గాని, దాని ధర మాత్రం సామాన్యుడికి అర్థమయ్యే అంకె. మీరు వచ్చాక 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచి పది రూపాయలకి టీ ఇప్పించారు. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలకొద్దీ రద్దయి చార్జీలు చుక్కలనంటితే, 500 కిలోమీటర్ల లోపు రూ.7,500 మించకూడదని మొదలుపెట్టి దూరాన్ని బట్టి హద్దులు గీశారు. రెండున్నర వేలు, పది, ఏడున్నర వేలు. ఇవి మన జిల్లాల మంత్రుల శాఖ పలికిన అంకెలు. పాయింటుకి కూడా అలాంటి అంకె ఒకటి పలికించమని అడుగుతున్నాను.

ప్రతి ఎయిర్‌లైన్ తన పాయింటు కనీసం ఎన్ని పైసలకి చెల్లుతుందో ప్రకటించి, కార్డు దరఖాస్తు మొదటి పేజీ మీద ఫీజు పక్కనే, అదే సైజు అక్షరాల్లో వేయించాలి. తెలుగు నేల మీద అమ్మే కార్డుకి తెలుగులో వేయాలి. ఆ విలువ తగ్గించదలిస్తే ఆరు నెలల ముందు చెప్పాలి, ఆ ఆరు నెలలూ పాత పాయింట్లు పాత ధరకే చెల్లాలి. విశాఖ–హైదరాబాద్, విశాఖ–బెంగళూరు లాంటి ప్రతి మార్గం మీదా ఏడాదిలో ఎన్ని సీట్లు పాయింట్లకి ఇచ్చారో, అందులో పండగ వారాల్లో ఎన్నో బయటపెట్టాలి. కంపెనీ మూతపడితే పాయింట్లు గాలిలో కలిసిపోకుండా, బ్యాంకులు వాటి కోసం ఎయిర్‌లైన్‌కి కట్టే డబ్బులో కొంత భాగం విడిగా ఒక ఖాతాలో ఉంచాలి. దీనికి రిజర్వ్ బ్యాంకుతో కలిసి కూర్చోవాలి. అది ఒక మంత్రి పిలిస్తే జరిగే సమావేశం.

పార్లమెంటులో చట్టం కోసం ఆగనక్కర్లేని పని ఒకటి ఉంది, అది భోగాపురంలో. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట జనం ఊళ్లు ఖాళీ చేసి ఇచ్చిన చోటు అది. ఆ టెర్మినల్‌లో కార్డులు అమ్మడానికి బల్ల వేసుకునే ప్రతి బ్యాంకూ ఆ బల్ల మీద ఒక పలక పెట్టాలని విమానాశ్రయ నిర్వాహకులతో మాట్లాడి షరతు పెట్టించండి. జీఎస్టీతో కలిపి ఏడాది ఫీజు, పాయింటు విలువ పైసల్లో, ఆ ఫీజు రాబట్టుకోవడానికి ఏడాదికి పెట్టాల్సిన ఖర్చు, బిల్లు ఆలస్యమైతే నెల వడ్డీ. నాలుగే వరుసలు, పెద్ద అక్షరాల్లో, తెలుగులో. ఆ పలక ఎలా ఉండాలో నమూనా రాసి ఈ ఉత్తరంతో పాటు మీ శ్రీకాకుళం కార్యాలయానికి పంపుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కామర్స్ అధ్యాపకుడు,
శ్రీకాకుళం.